మన కిమిడి సీమ భక్తకవి పురుషోత్తమ చౌదరి గారు



ఈ ప్రత్యేక సంచిక కోసం మన ప్రాంతపు మహనీయులలో ఎవరో ఒకరిని గురించి వ్రాసి ఇమ్మని కార్యదర్శి గారు అడిగారు. గురజాడ వారిని గురించి, గిడుగు వారిని గురించి, ఆదిభట్ల నారాయణదాసు గారిని గురించి నాకంటె బాగా వ్రాయగల వారు మన సభ్యులలో చాలామంది ఉన్నారు. నేను వారెవరినీ ముట్టుకోను. నా చిన్నతనం నుంచి ఈ రోజు వరకు వారానికి ఒక్కసారైనా నా నోట పలికిన మాటలు ఎవరివో, ఆయనను గురించి వ్రాస్తాను. ఆయన పురుషోత్తమ చౌదరి గారు.

సభ్యులలో క్రైస్తవ సోదరులకు ఈ పేరు కొత్త కాదు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం ఎక్కడ తెరిచినా నాలుగు పుటలు తిప్పేలోగా ఆ పేరు కనబడుతుంది. మిగిలిన వారికి మాత్రం, ఇంత పేరున్న కవి మన పొరుగువాడేనని తెలియక పోవచ్చును. పేరు చివర చౌదరి అని ఉన్నంత మాత్రాన కృష్ణా, గుంటూరు జిల్లాల వారనుకోకండి. ఆయనది బెంగాలీ బ్రాహ్మణ కుటుంబం. పుట్టినది మన పర్లాకిమిడి దాపున.

కిమిడి పిల్లవాడు

చౌదరి గారు 1803 సెప్టెంబరు 5వ తేదీన పర్లాకిమిడి జమీలోని మదనాపురంలో జన్మించారు. తండ్రి కూర్మనాథ చౌదరి. తల్లి సుభద్ర. ఈ రెండు పేర్లు చూడండి. ఒకటి మన శ్రీకూర్మం స్వామిది, రెండవది పూరీ క్షేత్రంలో అన్నల నడుమ కూర్చున్న చెల్లెలిది. ఆ యింటి భక్తి ఎటువంటిదో ఆ పేర్లే చెబుతున్నాయి. కొడుక్కి పెట్టిన పురుషోత్తముడు అన్న పేరు కూడ పూరీ స్వామిదే.

ఆనాటికి శ్రీకాకుళం జిల్లా అంటూ లేదు. మన జిల్లా 1950లోను, విజయనగరం జిల్లా 1979లోను ఏర్పడ్డాయి. చౌదరి గారి కాలంలో కిమిడి, శ్రీకాకుళం రెండూ మద్రాసు రాజధానిలోని గంజాం జిల్లాలోనివి. 1936లో ఒరిస్సా వేరు రాష్ట్రమైనప్పుడు పర్లాకిమిడి అటు పోయింది. మనకు పాతపట్నం మిగిలింది. కాగితం మీద గీత పడినంత మాత్రాన మనుషులు విడిపోలేదు. ఇప్పటికీ అటువారు ఇటు పిల్లనిస్తారు, ఇటువారు అటు సంతకు వెళతారు.

ఇంట్లో బెంగాలీ, ఊళ్లో తెలుగు, ఒడియా, చదువులో సంస్కృతం, ఇలా పెరిగిన పిల్లవాడు చౌదరి గారు. ఆ తరువాత చాలా ఏళ్లకు అదే పర్లాకిమిడిలో పంతులు ఉద్యోగానికి వచ్చిన గిడుగు రామమూర్తి గారు సవర భాష నేర్చుకుని, వాడుక తెలుగు కోసం పోరాడారు. నాలుగు భాషలు వినబడే ఊళ్లో పెరిగిన వారికి మాట విలువ బాగా తెలుస్తుందని నాకనిపిస్తుంది.

వెదుకులాట

చౌదరి గారు చిన్ననాటి నుంచి దైవచింతన కలవారు. వైష్ణవ భక్తి ఇంటి నుంచే వచ్చినది. శాస్త్రాలు చదివారు. చదివినది చాలదన్న వెలితి ఆయనను వదలలేదు. అటువంటి రోజులలో తెలుగులో అచ్చయిన ఒక క్రైస్తవ కరపత్రం ఆయన చేతికి వచ్చింది.

ఆ కరపత్రాల వెనుక కొంత కథ ఉన్నది. లండను మిషను వారు క్రాన్, డెగ్రాంజి అనే ఇద్దరిని పంపగా వారు 1805లో విశాఖపట్నం చేరారు. ఊరి భాష రాదు, మన ఎండ అలవాటు లేదు. ఆనందరాయర్ అనే బ్రాహ్మణ విశ్వాసి సాయంతో సువార్తలను తెలుగు చేయడం మొదలుపెట్టారు. 1809లో క్రాన్, 1810లో డెగ్రాంజి చనిపోయారు. మొదలుపెట్టిన పనిని వెనుక వచ్చిన వారు కొనసాగించారు. ప్రిచెట్ గారు సిద్ధం చేసిన తెలుగు క్రొత్త నిబంధన 1818లో మద్రాసులో అచ్చయింది. అలా మన పల్లెలకు తెలుగు వాక్యం చేరింది. ఒకరు నాటితే ఒకరు నీరు పోయడం అంటే ఇదే.

చౌదరి గారి విషయంలో ఆ నీరు పోసినది శ్రీకాకుళంలో ఉన్న హెలెన్ నాట్ అనే ఇంగ్లీషు స్త్రీ. ఆమె పీఠమెక్కి ప్రసంగించిన మనిషి కాదు. సత్యం వెదుకుతూ వచ్చిన ఒక బ్రాహ్మణ యువకునికి ఆదరణ చూపించి ముందుకు వెళ్లే దారి చూపించింది. పెద్ద పెద్ద మార్పులకు మొదట చూస్తే తరచు ఇటువంటి చిన్న ఆదరణే కనబడుతుంది. ఆమె ఆనాడు విసుక్కుని ఉంటే మనకు ఈ కీర్తనలు లేవు.

1833వ సంవత్సరం

చౌదరి గారు 1833లో కటకంలో బాప్తిస్మం పొందారు. అప్పటికి ఆయనకు ముప్పై ఏళ్లు. కటకంలో ఇంగ్లండు నుంచి వచ్చిన జనరల్ బాప్టిస్టు మిషనరీలు 1822 నుంచి పనిచేస్తున్నారు. శ్రీకాకుళం నుంచి కటకం నేటి లెక్కలో మూడువందల కిలోమీటర్లకు పైబడిన దూరం. రైలు లేదు. నౌపడా నుంచి పర్లాకిమిడికి మనమంతా ఎక్కిన చిన్న రైలు కూడ 1900లో గాని రాలేదు.

ఆ సంవత్సరం సామాన్యమైనది కాదు. ఆంధ్ర దేశంలో నందన కరువు అని పెద్దలు చెప్పుకునే ఘోర కరువు 1832, 33 సంవత్సరాలలోనే వచ్చింది. కిమిడి సీమలో పితూరీలు లేస్తే అణచడానికి మద్రాసు ప్రభుత్వం రస్సెల్ దొరను ప్రత్యేక కమిషనరుగా పంపినది కూడ ఆ రోజులలోనే. ఒక వైపు ఆకలి, ఒక వైపు తుపాకులు. అటువంటి సమయంలో మనిషి తన వాళ్లను గట్టిగా పట్టుకుని ఉంటాడు. చౌదరి గారు తన వాళ్లందరినీ పోగొట్టుకునే పని చేశారు.

పోగొట్టుకోవడం అంటే ఏమిటో ఈనాటి వారికి చెప్పవలసి ఉన్నది. అప్పటి రోజులలో బ్రాహ్మణుడు మతం మారితే పంక్తి భోజనం పోతుంది. బావి పోతుంది. బంధువుల ఇంట చావుకు, పెళ్లికి పిలుపు పోతుంది. ఆస్తి హక్కు కూడ పోతుంది. మతం మారిన వాని ఆస్తి హక్కును కాపాడే చట్టం 1850లో, ఆ సంవత్సరపు 21వ చట్టంగా వచ్చింది. అంటే చౌదరి గారు బాప్తిస్మం తీసుకున్న పదిహేడేళ్లకు. జీవో వచ్చే వరకు ఆగి, బకాయిలతో సహా లెక్క చూసుకుని అడుగు వేసే మన జాతికి ఇది అర్థం కావడం కష్టం. ఆయన ఏ రక్షణా లేని రోజున అడుగు వేశారు.

ఇంటి సంగతి ఇంకా కష్టం. భార్య మొదట ఆయన వెంట రావడానికి ఇష్టపడలేదు. ఆవిడను తప్పు పట్టడానికి లేదు. భర్త తనకు తాను నిర్ణయం చేసుకుని వచ్చాడు, ఆవిడకు మాత్రం పుట్టిల్లు, అత్తిల్లు, దేవుడి గది అన్నీ ఒక్కసారిగా పోవాలి. చివరికి ఆవిడ ఆయన విశ్వాసంలో కలిసి వచ్చారు. ఊరందరికీ బోధించడం తేలిక. ఇరవైనాలుగు గంటలూ మన నడత చూసే ఇంటి మనిషికి వాదనలతో పని లేదు. మన కోపం, మన ఓపిక, అన్నం దగ్గర మన మాట, ఇవే అక్కడ సాక్ష్యం. పెళ్లయి యాభై ఏళ్లు దాటిన నేను ఈ సంగతి అనుభవం మీద చెబుతున్నాను.

శ్రీకాకుళం రోజులు

ఆ తరువాత చౌదరి గారు సువార్త పనిలో జీవితమంతా గడిపారు. లండను మిషను వారితో విశాఖపట్నంలోను, మన శ్రీకాకుళంలోను పనిచేశారు. లండను మిషను వారు శ్రీకాకుళంలో 1839లో స్థిరమైన కేంద్రం పెట్టినప్పుడు డాసన్ గారితో కూడ నడిచిన తెలుగు బోధకుడు ఈయనే. విజయనగరంలో మిషను కేంద్రం 1852లో వచ్చింది. తరువాతి కాలంలో కెనడా బాప్టిస్టులు ఈ సీమకు వచ్చి భీమునిపట్నం, బొబ్బిలి, శ్రీకాకుళాలలో పాఠశాలలు, ఆసుపత్రులు, గుడులు నెలకొల్పారు. వారందరికీ తయారుగా దొరికిన సొత్తు చౌదరి గారి తెలుగు.

ఇక్కడ ఒక చిన్న సంగతి చెప్పి ముందుకు వెళతాను. అమెరికా బాప్టిస్టు మిషనరీ డే గారు తెలుగు వారి కోసం 1836లో విశాఖపట్నంలో దిగారు. మన శ్రీకాకుళంలో కొన్నాళ్లు ఉండి, మద్రాసు వెళ్లి, చివరకు 1840లో నెల్లూరులో స్థిరపడ్డారు. నెల్లూరు మిషను అంత పెద్దదయిన తరువాత మన శ్రీకాకుళం మాట ఎవరికీ జ్ఞాపకం లేదు. మన ప్రాంతానికి ఇది అలవాటే. మొదలు మన దగ్గర, పేరు మరొక చోట.

పరీక్ష గ్రంథాలు, కీర్తనలు

చౌదరి గారు రెండు రకాల రచనలు చేశారు. ఈ రెంటి తేడా చెప్పడానికే నేనీ వ్యాసం మొదలుపెట్టాను.

మొదటి రకం వాదన గ్రంథాలు. కులాచార పరీక్ష, జగన్నాథ పరీక్ష అనేవి పేర్లలోనే తెలుస్తున్నాయి. నిస్తార రత్నాకరము మరొక పేరున్న గ్రంథం. పండితుడు కనుక పండితులకు జవాబు చెప్పే శక్తి ఉన్నది. కులం పేరిట మనిషిని మనిషి దూరం పెట్టడాన్ని ఆ కాలంలోనే విమర్శించడానికి గుండె కావాలి. తానే అగ్రకులంలో పుట్టి, ఆ మర్యాదలు తిని, వాటిని వదులుకున్న తరువాత వ్రాసిన మాటలవి. అందుచేత వాటికి బరువు ఉన్నది.

రెండవ రకం పాటలు, పద్యాలు. యేసు నాయక శతకము వంటి శతకాలు వ్రాశారు. సుమతి, దాశరథి శతకాలు బట్టీ పట్టిన తెలుగు వాడికి ఆ ఎత్తుబడి వెంటనే పట్టుబడుతుంది. కీర్తనలు నూటికి పైగా రచించారు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో కీర్తనల మీద రాగం, తాళం పేరు వేసి ఉంటుంది. పల్లవి, అనుపల్లవి, చరణాలు. అంతకు ముందు మన విశ్వాసులు ఇంగ్లీషు పాటలను మాటకు మాట తెలుగు చేసి, ఆ దొరల బాణీలో పాడేవారు. తెలుగు మాటలు ఆ బాణీలో ఇరుకు చెప్పులు తొడుక్కున్నట్లు కుంటేవి. చౌదరి గారు త్యాగరాజు, క్షేత్రయ్యలు పాడిన ఊట నుంచే నీరు తోడి ఇచ్చారు. తమిళ దేశంలో తంజావూరు వేదనాయక శాస్త్రి గారు, ఆ తరువాతి రోజులలో మరాఠీలో నారాయణ వామన తిలక్ గారు చేసినది ఇటువంటి పనే.

ఆయన తన ఇంటి నుంచి వచ్చిన మాటలను పారవేయలేదు. నాథా అని పిలవడం, త్రాహి అని మొరపెట్టడం, శరణు అని పాదాల మీద పడడం, ఇవన్నీ వైష్ణవ భక్తులు నేర్పిన మాటలు. ఆ మాటలతోనే క్రీస్తును పిలిచారు. మతం మారినా తల్లి దగ్గర నేర్చిన మాట మారలేదు. అందుచేతనే క్రైస్తవులు కాని నా మిత్రులు కొందరు మా ఇంట ప్రార్థన కూటానికి వచ్చినప్పుడు, ఈ కీర్తనలు పరాయివిగా అనిపించలేదని అన్నారు.

ఇక అసలు సంగతి. వాదన గ్రంథాలలో పరీక్ష పెట్టబడేది ఎదుటివాడు. అతని ఆచారం, అతని నమ్మకం, అతని తప్పు. కీర్తనలలో పరీక్ష పెట్టబడేది చౌదరి గారే. ఆ పాటలలో పాపి ఎవరంటే నేను. దారి తప్పినది నేను. కృతఘ్నుడను నేను. క్షమించమని అడిగేది నేను. వేరొకరి మీద ఒక్క రిమార్కు ఉండదు. ఆఫీసులో మనం జీవితమంతా ఎదుటివారి ఫైలు మీద రిమార్కు వ్రాశాము. ఆయన తన ఫైలు మీద తానే వ్రాసుకున్నారు.

ఫలితం ఏమిటి? ఆ పరీక్ష గ్రంథాలు ఈనాడు పరిశోధకులు వెదికి పట్టుకుంటే దొరుకుతాయి. కీర్తనలను ఎవరూ వెదకనక్కరలేదు. బాప్టిస్టులు, లూథరన్లు, దక్షిణ ఇండియా సంఘం వారు ఒకరి గుడికి ఒకరు వెళ్లని రోజులలో కూడ ఈ పాటలు అన్ని గుడులలోను పాడారు. ఏ మిషను వారివని పాట అడగలేదు.

మా నాయనమ్మకు అక్షరం రాదు. పాలకొండ వైపు పల్లెలో ఊడ్పులకు వెళ్లి బ్రతికిన మనిషి. ఆమెకు చౌదరి గారి పాటలు ఇరవైకి తక్కువ కాకుండా వచ్చు. పుస్తకం చూసి నేర్చుకోలేదు, పొలంలో పక్క మనిషి నోట విని నేర్చుకుంది. మా తాతగారు పోయిన రాత్రి వచ్చిన వాళ్లందరూ ఏమి చెప్పాలో తెలియక కూర్చుంటే, ఆమే ఒక పాట ఎత్తుకుంది. ఇంటి వాళ్లు చేరారు, తరువాత వాకిట్లో ఉన్నవారు చేరారు. పండితుడు సంస్కృతం కలిపి వ్రాసిన మాటలు ఆమె నోట కొంత అరిగి, మన ఊరి యాసలోకి దిగి వచ్చేవి. అర్థం మాత్రం అరగలేదు.

నా సీటు ముందు

ఇప్పుడు నా సంగతి ఒకటి చెప్పాలి. చెప్పకుండా చౌదరి గారిని పొగిడితే నేను అబద్ధం వ్రాసినట్లే.

నేను గుమాస్తాగా ఉన్న కాలంలో, 1980 తరువాత, ఒక వృద్ధురాలు కుటుంబ పింఛను కాగితాల కోసం మా కార్యాలయానికి వచ్చేది. భర్త అటెండరుగా చేసి చనిపోయాడు. సర్వీసు రిజిస్టరులో ఆమె పేరు ఒక రకంగా, దరఖాస్తులో ఇంకొక రకంగా ఉన్నది. అటువంటివి ఎన్నో చూశాము. దిద్దుబాటుకు ఒక అఫిడవిటు, పై అధికారి సంతకం ఉంటే చాలు. నేను ఆ ముక్క ఆమెకు చెప్పలేదు. పేరు కలవలేదని మూడుసార్లు తిప్పి పంపాను. నాలుగవసారి వచ్చినప్పుడు హాలులో అందరూ వినేటట్లు గదమాయించాను. సొంత పేరు సరిగా చెప్పుకోలేని వాళ్లకు పింఛను ఎందుకన్నాను. సెక్షనులో ఇద్దరు నవ్వారు. ఆమె చేతులు జోడించి ఏదో అని వెళ్లిపోయింది. ఏమన్నదో నేను పట్టించుకోలేదు.

ఆ ఆదివారం మా సంఘంలో పాట ఎత్తుకోవలసిన వాడిని నేనే. ఆ రోజులలో నా గొంతు బాగుండేది. చౌదరి గారి కీర్తన ఒకటి, పాపపు ఒప్పుకోలు గలది, ఎత్తుకున్నాను. ఆడవాళ్ల చాప మీద నుంచి ఒక ముసలి గొంతు పుస్తకం లేకుండా నాకంటె ముందుగా చరణం అందుకుంటున్నది. తల తిప్పి చూశాను. ఆమే. కాగితాల పని కోసం పట్నంలో ఉన్న కూతురి ఇంట దిగినట్లున్నది. రెండవ చరణంలో నాకు మాట తడబడింది. ఆమె ఆగలేదు. ఆమె వెంట సంఘమంతా పాడింది.

ఆరాధన అయిన తరువాత ఎదురుపడి, వందనాలు బాబూ అని చేతులు జోడించింది. అప్పుడు తెలిసింది, ఆఫీసులో కూడ ఆమె అన్నది అదే మాట. నాలుగుసార్లూ అదే అన్నది. నేను వినలేదు.

సోమవారం ఆ పని అరగంటలో పూర్తయింది. క్షమించమని మాత్రం నేను ఆమెను అడగలేదు. ఆఫీసరు ముందు, తోటి గుమాస్తాల ముందు చిన్నతనం అనుకున్నాను. పింఛను మంజూరయింది కదా, అంతకంటె ఏమి కావాలని నాకు నేను సర్ది చెప్పుకున్నాను. ఆమె పోయి చాలా కాలమయింది. ఆదివారం నాడు దేవుణ్ణి క్షమాపణ అడగడం నాకు బాగా అలవాటు. ఆ నాలుగు మాటలు ఒక ముసలావిడను అడగడం చేతకాలేదు. ఈ సంచికలో వ్రాయడం వల్ల ఆ బాకీ తీరదని తెలుసు. లెక్కలో చూపించకుండా ఉండడం కంటె చూపించడం మేలు.

ఆ తరువాత నేను ఒక్కసారిగా మారిపోయానని చెప్పను. కోపం చాలాకాలం ఉన్నది. ఒక పని మాత్రం చేశాను. మనిషి నా సీటు ముందుకు రాగానే కాగితం చూడక ముందు ముఖం చూసి, కూర్చోమనడం మొదలుపెట్టాను. కుర్చీ లేని చోట కూర్చోమని ఎలా అంటారని ఒక మిత్రుడు నవ్వాడు. అప్పుడు ఒక బల్ల వేయించాము.

చివరి రోజులు

చౌదరి గారు 1890 ఆగస్టు 24వ తేదీన కటకంలో ప్రభువునందు నిద్రించారు. ఎనభై ఏడేళ్లు నిండడానికి పన్నెండు రోజుల ముందు. ఏ ఊరిలో బాప్తిస్మం పొందారో ఆ ఊరిలోనే కన్ను మూశారు. 1833 నుంచి లెక్క కడితే యాభై ఏడేళ్లు. మనకు ముప్పైమూడేళ్ల సర్వీసు ఉంటే పూర్తి పింఛను వచ్చేది. ఆయన నమ్మిన పనికి పదవీ విరమణ వయసు లేదు.

ఆయన కాలంలో కుంఫిణీ పాలన పోయి రాణి పాలన వచ్చింది. కరువులు వచ్చాయి, పితూరీలు అణిగిపోయాయి, జమీలు చేతులు మారాయి. ఆయన చనిపోయిన తరువాత జమీలే పోయాయి. జిల్లాలు చీలి, 2022లో మన్యం పార్వతీపురం కేంద్రంగా మరొక జిల్లా అయింది. ఇన్ని మార్పుల తరువాత కూడ, తెల్లవారుఝామున మన పల్లెలలో ఒక ముసలమ్మ చీపురు పట్టుకుని కూనిరాగం తీస్తే అందులో ఆయన మాట వినబడే అవకాశం ఉన్నది. జీవిత చరిత్ర అని దేనినంటారో దానిలో ఇంతకంటె పెద్ద వాక్యం నాకు తెలియదు.

మిత్రులారా, ఈనాడు మనం బల్లకు అవతలి పక్కకు వచ్చాము. జీవించి ఉన్నట్లు ధ్రువపత్రం ఇవ్వడానికి బ్యాంకుకు వెళతాము. వేలిముద్ర పడకపోతే ఇంకొకసారి పెట్టమంటారు. సెల్‌ఫోనులో ముఖం చూపించమంటారు. మనకు అర్థం కాదు. అవతల ఉన్న కుర్రవాడు ఒక్కోసారి విసుక్కుంటాడు. నాకైతే ఆ కుర్రవానిలో నేనే కనబడతాను. ఒక కుర్రవాడు మాత్రం మొన్న నవంబరులో, తాతగారూ కంగారు పడకండి, నేనున్నాను కదా అని, నా వేలు పట్టుకుని గుడ్డతో తుడిచి మళ్లీ పెట్టించాడు. అతనిది ఏ మతమో నేను అడగలేదు. ఇంటికి వచ్చేదాకా ఆ మాట చెవిలో ఉన్నది.

చౌదరి గారి జీవితం నాకు చెప్పినది ఇదే. నమ్మకం అన్నది ఎదుటివాడిని ఓడించిన వాదనలో నిలవదు. మన తప్పు మనం ఒప్పుకున్న మాటలోను, పక్కవాడికి ధైర్యం ఇచ్చిన మాటలోను నిలుస్తుంది. ఇది క్రైస్తవులకు మాత్రమే చెందిన సంగతి కాదు. ఆయన క్రీస్తు దగ్గర నేర్చుకున్నారు. మీరు మీ పెద్దల దగ్గర నేర్చుకుని ఉంటారు.

మనలో చాలామందికి ఇప్పుడు చేతిలో పని లేదు, కాళ్లలో బలం లేదు. నోటి మాట ఒక్కటి మిగిలి ఉన్నది. కోడలితో, మనవడితో, కూరలమ్మతో, జబ్బుపడిన తోటి సభ్యునితో ఆ మాటను జాగ్రత్తగా ఖర్చు పెడదాము. నాలాగ బాకీ పెట్టుకున్న వారెవరైనా ఉంటే, ఆ ఎదుటి మనిషి ఇంకా బ్రతికి ఉంటే, ఈ సంచిక చదవడం ఆపి ఇప్పుడే వెళ్లండి. మిగిలిన పేజీలు రేపు చదువుకోవచ్చును.